స్ఫింక్స్ వయసు 12 వేల ఏళ్లు అనే వాదనలో పస ఎంత?

ప్రశ్న – పాతరాయి

గిజాలోని స్ఫింక్స్‌ను నాలుగో రాజవంశపు ఫారో ఖఫ్రే చెక్కించాడని, అది క్రీ.పూ. 2500 ప్రాంతందని పాఠ్యపుస్తకాల మాట. కాదు, ఇంకా కొన్ని వేల ఏళ్లు పాతదని చెప్పే తెలుగు వీడియోలు ఈమధ్య వరసగా వస్తున్నాయి. కదిపి చూస్తే చాలావాటికి ఆధారం ఒక్కటే. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ షాక్ 1991లో పెట్టిన వాన కోత వాదన. ఇక్కడి రాయిని అరగదీసింది వాన నీళ్లేనని, అంత వానలు ఖఫ్రేకు చాలా ముందే ఆగిపోయాయి కాబట్టి విగ్రహం ఇంకా పాతదని ఆయన మాట. ఆయన మొదట క్రీ.పూ. 7000–5000 అన్నారు. తర్వాత దాన్ని మంచుయుగం చివరిదాకా, అంటే దాదాపు 12 వేల ఏళ్ల వెనక్కి జరిపారు.

నా సందేహాలు ఇవి. విగ్రహం చుట్టూ ఉన్న గొయ్యి గోడల మీది నిలువు చీలికలు, గుండ్రంగా అరిగిన అంచులు గాలి వల్ల వచ్చేవేనా, నీళ్లు పారితేనే వచ్చేవా? సైస్మిక్ సర్వేలో, అంటే నేలలోకి కంపనాలు పంపి చేసే పరీక్షలో, రాయి ఎంత లోతు చివికిందో కొలిచి ఏళ్లు లెక్క కట్టారట, ఆ లెక్క నిలుస్తుందా? ఒంటికి తల మరీ చిన్నగా ఉంది కాబట్టి పాత సింహం తలను తర్వాత ఫారో ముఖంగా మలిచారంటున్నారు, అది ఎంతవరకు నిజం? ఇవన్నీ ఎందుకు, కార్బన్ డేటింగ్‌తో తేల్చేయొచ్చు కదా?

వాదన చేసినవాళ్లను వెక్కిరించే జవాబులు వద్దండీ. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ జారుతుందో చెప్పండి చాలు.

జవాబు 1 – శిలాపొర

ముందు రాయి సంగతి చూద్దాం. స్ఫింక్స్‌ను రాళ్లు పేర్చి కట్టలేదు. సున్నపురాతి నేలలో లాడం ఆకారంలో గొయ్యి తవ్వి, మధ్యలో మిగిల్చిన దిమ్మనే సింహంగా చెక్కారు. పొడవు దాదాపు 73 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు. ఆ దిమ్మలో మూడు రకాల రాయి ఉంది. అడుగున పగడపు దిబ్బ నుంచి ఏర్పడిన గట్టి రాయి. నడుమంతా, అంటే ఛాతీ, పక్కటెముకలు ఉన్న మేర, ఒక పొర మెత్తన, ఒక పొర గట్టి. పైన తల వరకు మళ్లీ గట్టి రాయి. ఫొటోలో ఒంటి మీద అడ్డంగా కనిపించే గాడులు ఈ మెత్తని పొరలు లోపలికి తినేయడం వల్ల వచ్చినవే. ముఖం మీద ఉలి పనితనం ఇంకా కనిపిస్తుంటే ఛాతీ గుర్తుపట్టలేనంత పాడైపోవడానికి కారణం కూడా ఇదే, రెండింటికీ వయసు తేడా అక్కర్లేదు.

నిలువు చీలికల విషయంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, విడదీయాలి. ఈ రాతిలో సహజంగానే నిలువు పగుళ్లు ఉన్నాయి. భూమి పొరల ఒత్తిడికి ఏర్పడినవి, భూగర్భజలం వాటిలో పారి వెడల్పు చేసినవి. మనిషి పుట్టక ముందే జరిగిన పని అది. గొయ్యి తవ్వగానే అవి గోడ మీద బయటపడ్డాయి. కాబట్టి ‘నిలువు చీలిక ఉంది, అంటే తవ్విన తర్వాత వాన పడింది’ అనే మెట్టు ఒక్కటే చాలదు.

షాక్ బలంగా ఉన్నచోటు ఇంకొకటుంది. పడమటి గోడ, దక్షిణ గోడలో పడమటి వైపు భాగం తూర్పు కొసల కన్నా ఎక్కువగా, ఇంకా గుండ్రంగా అరిగాయి. పీఠభూమి మీద పడ్డ వాన పడమటి నుంచి గొయ్యిలోకి జారితే సరిగ్గా అలాగే ఉంటుంది. దీన్ని కొట్టిపారేయడం తప్పు. కాలిన్ రీడర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గమనికను ఒప్పుకుంటూనే తన లెక్క వేశాడు. ఖఫ్రే తండ్రి, ఫారో ఖుఫు కాలంలో స్ఫింక్స్‌కు పడమట పెద్ద క్వారీలు తవ్వారు. అవి ఉన్నాక పైనుంచి వచ్చే నీరు వాటిలోనే పడిపోతుంది, గొయ్యిదాకా రాదు. కాబట్టి గొయ్యి ఖుఫుకు ముందే ఉండాలన్నాడు. అయితే ఆయన తేల్చిన తేదీ తొలి రాజవంశాల కాలం, అంటే ఖఫ్రేకు కొన్ని వందల ఏళ్ల ముందు మాత్రమే. అప్పట్లో అప్పుడప్పుడూ కురిసే కుండపోత వానలే ఈ కోతకు చాలునన్నాడు. వాన కోత ఒప్పుకున్నంత మాత్రాన 12 వేల ఏళ్లు రావని ఇక్కడే తెలుస్తుంది. వీడియోల్లో ఈయన పేరు దాదాపు వినిపించదు, అది నన్ను బాధపెట్టే సంగతి.

ఇక వాన లేకుండానే రాయిని తినేది ఉప్పు. లాల్ గౌరి అనే భూగర్భ శాస్త్రవేత్త చాలా ఏళ్లు ఈ రాయినే పరీక్షించారు. రాతి రంధ్రాల్లో మామూలు ఉప్పు, జిప్సం ఉన్నాయి. రాత్రి మంచుతేమకు ఉప్పు కరిగి రంధ్రాల్లోకి ఇంకుతుంది. పొద్దెక్కగానే నీరు ఆవిరై, చర్మం మందం లోతున స్ఫటికాలు పెరిగి పై పొరను బయటికి నెడతాయి. మన పాత ఇళ్లలో చెమ్మ పీల్చిన గోడకు అడుగున తెల్లగా ఉప్పు పూసి, గిల్లితే సున్నం పెచ్చులుగా ఊడివస్తుంది చూడండి, అదే పని. ఇది ఏటా వానాకాలంలో జరిగేది కాదు, రోజూ జరిగేది. కైరోలో ఇప్పుడు ఏడాదికి పడే వాన 25 మిల్లీమీటర్ల లోపే, అయినా రాయి చివికిపోతూనే ఉంది. 1988లో కుడి భుజం నుంచి పెద్ద ముక్కే ఊడిపడింది.

జవాబు 2 – తరంగరేఖ

సైస్మిక్ లెక్క నేను చెబుతాను. వాదనలో అంకెలు ఉన్న భాగం ఇదొక్కటే కాబట్టి వివరంగా చూడటం న్యాయం.

పద్ధతి పేరు రిఫ్రాక్షన్ సర్వే. నేల మీద వరసగా జియోఫోన్లు, అంటే కంపనాలు పట్టే పరికరాలు, గుచ్చుతారు. ఒక కొసన ఉక్కు పలక పెట్టి సుత్తితో కొడతారు. కంపనం ఒక్కో జియోఫోన్‌కు ఎన్ని మిల్లీసెకన్లకు చేరిందో రాసుకుంటారు. చివికిన రాతిలో తరంగం నెమ్మదిగా, గట్టి రాతిలో వేగంగా పోతుంది. దగ్గరి జియోఫోన్లకు పై పొరలో నేరుగా వచ్చిన తరంగం ముందు చేరుతుంది. దూరపు వాటికి కిందికి దిగి, గట్టి రాయి వెంబడి పరుగెత్తి, మళ్లీ పైకి వచ్చినది ముందు చేరుతుంది. దూరానికీ సమయానికీ గ్రాఫ్ గీస్తే గీత ఎక్కడ వంగిందో దాన్నిబట్టి పై పొర మందం లెక్క కడతారు.

భూభౌతిక శాస్త్రవేత్త థామస్ డొబెకీతో కలిసి షాక్ ఈ సర్వే చేస్తే, విగ్రహం ముందు, రెండు పక్కలా చివికిన లోతు సుమారు 1.8 నుంచి 2.4 మీటర్లు వచ్చింది. వెనక తోక వైపు 1.2 మీటర్లే. వెనక భాగాన్ని ఖఫ్రే కాలంలో తవ్వి పూర్తి చేశారనుకుందాం, అంటే 4500 ఏళ్లకు 1.2 మీటర్లు. అదే వేగంతో 1.8 మీటర్లకు 6750 ఏళ్లు, 2.4 మీటర్లకు 9000 ఏళ్లు. వీటిలోంచి రెండు వేలు తీసేస్తే క్రీ.పూ. 7000–5000 అన్న మొదటి తేదీ వచ్చేస్తుంది. లోతుకు పోయేకొద్దీ చివుకు నెమ్మదిస్తుంది కాబట్టి అసలు వయసు ఇంకా ఎక్కువే ఉండొచ్చని కూడా ఆయన అన్నారు.

కూడికలు, భాగాహారాలు సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా వాటి కింద ఉన్న ఊహల్లో ఉంది.

మొదటిది, సర్వే కొలిచింది వేగం మారిన లోతును. ఆ మార్పు చివకడం వల్లే రావాలని లేదు. రాతి పొర మారినా వస్తుంది, పగుళ్లు ఎక్కువున్నా వస్తుంది, తేమ తేడాకూ కొంత వస్తుంది. అక్కడికక్కడే కోర్ (గొట్టంతో తొలిచి తీసే రాతి కడ్డీ) తీసి, నమూనా చూసి సరిపోల్చుకుంటే తప్ప వేటి వల్లో గ్రాఫ్ చెప్పదు.

రెండోది ఇంకా ముఖ్యం. గిజా పొరలు నేలకు సమంగా లేవు, ఆగ్నేయం వైపు 3 నుంచి 6 డిగ్రీలు వాలి ఉన్నాయి. స్ఫింక్స్ తూర్పు ముఖంగా ఉంది. వాలు 3 డిగ్రీలే అనుకుని, తూర్పు దిశకు వచ్చే భాగమే తీసుకున్నా, 73 మీటర్ల పొడవులో పొర రెండున్నర మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. శిలాపొర గారు చెప్పిన అడుగు గట్టి రాయి విగ్రహం వెనక వైపు ఎత్తుగా పైకి కనిపిస్తుంది, ముంగాళ్ల దగ్గర కొద్దిగానే కనిపిస్తుంది. అంటే వెనక నేల ఆ గట్టి పొరలో బాగా లోతైన భాగం, ముందు నేల దాని పైకొసకు దగ్గర. ఒకే రాయి కానప్పుడు వెనక వచ్చిన వేగాన్ని ముందుకు వర్తింపజేయడం కుదరదు. 1.2 మీటర్లకూ 2.4 మీటర్లకూ తేడా కాలం వల్ల వచ్చిందా, రాయి వల్ల వచ్చిందా అని ఈ సర్వే విడదీయలేదు.

మూడోది, వెనక భాగం ఖఫ్రే కాలానిదన్నది కొలిచి తెలుసుకున్నది కాదు, లెక్క మొదలుపెట్టడానికి అనుకున్నది. అది మారితే చివరి అంకె కూడా అదే నిష్పత్తిలో మారుతుంది.

జవాబు 3 – క్వారీబాట

రాయి ఎప్పుడు అరిగిందో తేల్చడం కష్టం. రాయిని ఎప్పుడు తవ్వారో తేల్చడం అంత కష్టం కాదు, ఎందుకంటే తవ్విన రాయి ఎక్కడికో పోయి చేరాలి. గిజాలో అది కళ్లెదుటే ఉంది.

స్ఫింక్స్ ముందున్న ఆలయం గోడల్లోని భారీ రాళ్లలోనూ మెత్తన, గట్టి పొరలు కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రవేత్త థామస్ ఐగ్నర్, పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లేనర్ ఆ రాళ్ల పొరల వరసను విగ్రహం ఒంటి మీది పొరలతో సరిపోల్చారు. గొయ్యి తవ్వినప్పుడు వచ్చిన రాళ్లే ఆలయానికి పోయాయని తేలింది. ఆ ఆలయం పక్కనే ఖఫ్రే లోయ ఆలయం. అక్కడి నుంచి పిరమిడ్‌కు పోయే రాతిబాట గొయ్యికి దక్షిణపు హద్దు. ఆ బాట ఉత్తరపు అంచున ఒక కాలువ ఉంది, అది స్ఫింక్స్ గొయ్యి నైరుతి మూల పైభాగంలోకి తెరుచుకుంటుంది. గొయ్యి ముందే ఉండి ఉంటే దాంట్లోకి నీరు పడేలా కాలువ తవ్వడం వింత. బాట, కాలువ వేశాక క్వారీ అటు విస్తరించి కాలువను కోసేసింది అనుకుంటే సరిపోతుంది. పైగా ఆలయం పూర్తికాలేదు. దగ్గర్లో లాక్కొచ్చి వదిలేసిన పెద్ద రాళ్లు, రాతి సుత్తులు, పాత రాజ్యకాలపు (ఖఫ్రే లాంటి పిరమిడ్ ఫారోల నాటి) కుండపెంకులు దొరికాయి.

దీనికి షాక్ వర్గం జవాబు తేలికైంది కాదు. ఆలయాల లోపలి సున్నపురాళ్లు కూడా పాతవే, అప్పటికే అరిగిపోయి ఉంటే ఖఫ్రే వాటికి గ్రానైట్ పలకలు తొడిగించాడంటారు. లేనర్ వైపు మాట ఏమిటంటే, గ్రానైట్ వెనుక భాగం అతికేలా సున్నపురాతిని అక్కడికక్కడే చెక్కారు, ఆ గుంటలు అరుగుదల కాదని. ఇలాంటి చోట మాటలతో కాక పరీక్షతో తేల్చాలి. కింద కాలరేఖ గారు చెబుతారనుకుంటా.

తల విషయం. తల ఒంటికి చిన్నదే. దీనికి లేనర్ ఇచ్చే కారణం, నడుము దగ్గర రాతిలో పెద్ద పగులు అడ్డంగా పోయింది, పిరుదులు అక్కడ ముగించడం కుదరక ఒంటిని వెనక్కి సాగదీశారని. ఆ పగులు ఇప్పటికీ కనిపిస్తుంది. పాత సింహం తలను తిరిగి చెక్కారనడానికి మాత్రం చెక్కిన గుర్తులూ లేవు, అంతకు ముందు రూపం చూపే బొమ్మలూ లేవు.

ఇంకో మాట. 12 వేల ఏళ్ల కిందట మనుషులు పెద్ద రాళ్లు నిలబెట్టలేరా అని గోబెక్లి తెపెను చూపిస్తారు. నిలబెట్టారు. టర్కీలోని ఆ చోటు క్రీ.పూ. 9500 నాటిది, స్తంభాలు 5.5 మీటర్ల దాకా ఉన్నాయి. క్లాస్ ష్మిట్ 1995లో తవ్వకం మొదలుపెట్టాక పురావస్తు శాస్త్రం తన తేదీలను మార్చుకుంది. అక్కడ కుప్పలుగా చెకుముకి పనిముట్లు, తిన్న జంతువుల ఎముకలు, బొగ్గు ఉన్నాయి కాబట్టే మార్చుకుంది. గిజాలో అదే కాలపు కూలీల పొయ్యి ఒక్కటి దొరికినా ఈ చర్చ వేరేలా ఉండేది.

పాతరాయి: చాలా థ్యాంక్స్ అండీ. వాలు సంగతి నాకు అసలు తట్టలేదు. మరి కార్బన్ డేటింగ్? ఇండోనేషియాలో గునుంగ్ పడాంగ్‌కు కార్బన్ తోనే 25 వేల ఏళ్లు తేలిందని అంటున్నారు కదా.

జవాబు 4 – కాలరేఖ

కార్బన్ డేటింగ్ ఒక ప్రాణి గాలితో మార్పిడి ఆపేసిన రోజును చెబుతుంది, అంటే మొక్క కోసిన రోజు, చెట్టులో ఆ వలయం పెరిగిన ఏడు. రాయి చెక్కిన రోజును చెప్పదు. అందుకే నమూనాకూ పనికీ ఉన్న లంకెను చూపగలగాలి. లంకె తెగితే ల్యాబ్ అంకె ఎంత కచ్చితమైనా ఉపయోగం లేదు.

పిరమిడ్ల మీద ఇది చేశారు. రాళ్ల మధ్య వేసిన జిప్సం గచ్చును కాల్చేటప్పుడు వంటచెరకు బూడిద, బొగ్గు అందులో కలిశాయి. 1984లో తీసిన నమూనాలు చరిత్ర తేదీ కన్నా సగటున 374 ఏళ్లు పాతవని వచ్చాయి. 1995లో ఇంకా ఎక్కువ నమూనాలు తీస్తే తేడా 100–200 ఏళ్లకు తగ్గింది. మిగిలిన తేడాకు పెద్ద కారణం పాత కలప. ఎడారిలో కట్టెలు తక్కువ, పాత దూలాలు, ఎండిన మోడులు, చెత్త అన్నీ పొయ్యిలో వేశారు. చెట్టు చచ్చిన రెండొందల ఏళ్లకు కాల్చినా తేదీ చెట్టుదే వస్తుంది. అందుకే విత్తనాలు, గడ్డి, బుట్టల పీచు లాంటి ఒక్క ఏడాది బతికేవాటిని వెతుకుతారు. 2010లో క్రిస్టఫర్ బ్రాంక్ రామ్సే బృందం మ్యూజియంలలోని అలాంటి 211 మొక్కల నమూనాలతో రాజవంశాల పట్టికనే సరిచూసింది. మూడో రాజవంశపు ఫారో జోసెర్ గద్దెనెక్కింది క్రీ.పూ. 2691–2625 మధ్య అని తేలింది. ఖఫ్రే ఆ తర్వాతి రాజవంశం. ఈ చట్రం వేల ఏళ్లు అటూ ఇటూ కదలదు.

ల్యాబ్‌లో ఏం జరుగుతుందో కొంచెం. కార్బన్-14 అణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ పద్ధతికి మిల్లీగ్రాము కార్బన్ చాలు, ఒక గింజతో పని అయిపోతుంది. బొగ్గును ముందు పలుచని ఆమ్లంతో, తర్వాత క్షారంతో, మళ్లీ ఆమ్లంతో కడుగుతారు. మొదటి ఆమ్లం సున్నం తీసేస్తుంది, క్షారం నేల నుంచి ఇంకిన హ్యూమిక్ (కుళ్లిన మొక్కల) పదార్థాన్ని తీస్తుంది, చివరి ఆమ్లం క్షారం పీల్చిన గాలిలోని కార్బన్‌ను వదిలిస్తుంది. ఇది ఎందుకంటే, కార్బన్-14 పూర్తిగా అయిపోయిన అతి పాత నమూనాలో 1 శాతం కొత్త కార్బన్ కలిసినా ల్యాబ్ అంకె 37 వేల ఏళ్లు అని వస్తుంది. నివేదికలో వచ్చే ‘ఇన్నేళ్ల కిందట’ అన్నది 1950 నుంచి వెనక్కి లెక్క, పైగా ముడి అంకె. ముడి అంకెను అసలు ఏళ్లలోకి మార్చే కాలిబ్రేషన్ వక్రరేఖ మీద పెట్టకుండా దాన్నే క్రీస్తుపూర్వంలోకి మార్చి చెప్పేవాళ్లు చాలామంది, అక్కడే వందల ఏళ్లు జారిపోతాయి.

గునుంగ్ పడాంగ్ దగ్గర తెగింది లంకే. పశ్చిమ జావాలో కొండ మీద మెట్లుమెట్లుగా పేర్చిన కట్టడం అది. సహజంగా స్తంభాల్లా విరిగే అగ్నిపర్వత రాళ్లే దానికి సరుకు. 2023 అక్టోబరులో వచ్చిన పత్రం, బోరు వేసి తీసిన మట్టిలోని కార్బన్‌కు తేదీ కట్టి, కొండ లోపలి భాగాన్ని కూడా మనుషులే కట్టారంది. మట్టి వయసు సరిగ్గానే ఉండొచ్చు. కొండ ఉన్నచోట పాత మట్టి ఉంటుంది. ఆ మట్టితో పాటు పనిముట్టు, బొగ్గు పొయ్యి, ఎముక లాంటివి లేవు కాబట్టి అది మనిషి పని అని చూపలేకపోయారు. సరిగ్గా ఆ కారణమే చెప్పి 2024 మార్చిలో జర్నల్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది.

ఇలాంటి వార్త ఏది కనిపించినా మొదట వెతకాల్సింది తేదీ కోసం కాదు. నమూనా ఏమిటి, ఎంత లోతులో, దేని కింద దొరికింది అన్నది చూడండి. ఆ వాక్యం వార్తలో లేకపోతే అసలు పత్రంలో పద్ధతుల విభాగానికి వెళ్లండి.

ఇక రాతికే తేదీ కట్టే పద్ధతులు. లూమినసెన్స్‌లో రాతి ముఖానికి చివరిసారి వెలుగు తగిలిన కాలం తెలుస్తుంది. ఒక రాయి మీద ఇంకో రాయి పెట్టగానే కింది ముఖం చీకట్లో పడి లెక్క మొదలవుతుంది. అందువల్ల రెండు రాళ్లు అతికిన లోపలి ముఖం కావాలి, చీకట్లో లేదా ఎర్ర దీపం వెలుగులో తీయాలి. ఎండ తగిలితే గడియారం మళ్లీ సున్నా వైపు జరిగిపోతుంది. క్వారీబాట గారు చెప్పిన గ్రానైట్, సున్నపురాయి అతుకు సరిగ్గా ఇలాంటిదే. యోనిస్ లిరిట్జిస్ బృందం ఆ ఆలయాల్లో ఈ పద్ధతి వాడింది. అంకెల్లో వందల ఏళ్ల అటూ ఇటూ ఉంది, కానీ అవి ఫారోల కాలం చుట్టూనే తిరిగాయి. స్ఫింక్స్ ఒంటికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అది ఒకే రాయి, అతుకు లేదు.

జవాబు 5 – నీటిగీత

షాక్ వాదనలో మీరెవరూ ముట్టుకోని చోటొకటుంది. విగ్రహం ఒంటికి తొడిగిన మరమ్మతు రాళ్లు. వాటి వెనక రాయి అప్పటికే దాదాపు మీటరు మేర అరిగి ఉంది. మొదటి మరమ్మతు పాత రాజ్యకాలంలోనే జరిగిందని ఆయన పక్షం. అదే నిజమైతే చెక్కిన వందల ఏళ్లలోనే మీటరు పోవాలి, కుదరదు. లేనర్ చెప్పినట్టు ఫారో థుట్మోస్ IV కాలం, అంటే క్రీ.పూ. 1400 అనుకున్నా, మధ్యలో ఉన్నది 1100 ఏళ్లు. అందులో చాలాకాలం విగ్రహం మెడదాకా ఇసుకలో ఉంది.

శిలాపొర: మంచి ప్రశ్న అండీ. పెద్ద రాళ్ల మరమ్మతు ఏ కాలానిదన్నది నిజంగానే తెగని విషయం. ఆ రాళ్లను ఖఫ్రే బాట గోడల నుంచి ఊడదీసి తెచ్చారని లేనర్ అంటారు. బాట పాడుపడ్డాకే కదా రాళ్లు ఊడదీసేది, అందుకే ఆయన మరమ్మతును కొత్త రాజ్యకాలానికి, అంటే థుట్మోస్ నాటికి పెట్టారు. మీటరు కోతకు 1100 ఏళ్లు చాలవన్న మాటతో నేను ఏకీభవించను. నడుము మెత్తని పొరలు అందరూ అనుకునేదాని కన్నా వేగంగా పోతాయి. ఇసుకలో ఉన్నా తడి ఇసుక రాతిని ఆనుకుని ఉంటే ఉప్పు పని ఆగదు, భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హారెల్ వాదన ఇదే. అయితే ఆ వేగాన్ని పొర పొరకీ విడిగా కొలిచి చూపితేనే మీ ప్రశ్నకు పూర్తి జవాబు. ఒకే సగటు వేగంతో ఇటువైపు వాదించినా, అటువైపు వాదించినా తప్పే.

కాలరేఖ: దీన్ని తేల్చగల పరీక్ష ఒకటి ఉంది. సున్నపురాతిలోని కాల్షియం మీద అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పడి క్లోరిన్-36 అనే రేడియోధార్మిక క్లోరిన్ పుడుతుంది, రాయి ఎంతకాలం బయట ఉంటే అంత పోగవుతుంది. కిరణాలు రాతిలో 60–70 సెంటీమీటర్లు దిగేసరికి మూడో వంతుకు పడిపోతాయి. అంటే మీటర్ల లోతున తవ్విన గొయ్యి నేల తవ్వేనాటికి దాదాపు ఖాళీ పలక. గోడ మీద కాదు, నేలలో, తక్కువ అరిగిన గట్టి పొరలో, మీటరున్నర లోతు కోర్ తీసి, లోతు వెంబడి క్లోరిన్-36 ఎలా తగ్గుతుందో గీయాలి. ఇసుక కప్పిన కాలంలో కిరణాలు తగ్గుతాయి కాబట్టి వచ్చే అంకె కనీస వయసు అవుతుంది. రాతిలో సహజంగా ఉన్న క్లోరిన్‌ను కూడా కొలిచి తీసేయాలి, ఉప్పు పట్టిన రాయి కాబట్టి ఇది తప్పనిసరి. నాలుగున్నర వేల ఏళ్లకూ 12 వేల ఏళ్లకూ మధ్య తేడా పట్టడానికి ఆ పొరపాటు పరిధి సరిపోవాలి. నమూనా తీసే అనుమతి ఈజిప్టు పురావస్తు శాఖ చేతిలో ఉంటుంది.